డెయిరీకి బిగ్ డేటా: ఎక్కడ మొదలుపెట్టాలి, డబ్బులు ఎక్కడ పోగొట్టుకోకూడదు

ఏడాదిలో ఐదారుసార్లైనా వస్తుంది నాకు ఈ ఫోను. "అండీ, మా సంస్థలో కూడా బిగ్ డేటా పెట్టిద్దామనుకుంటున్నాం, ఎంతవుతుంది?" (బిగ్ డేటా అంటే ఒక్క మామూలు కంప్యూటర్‌తో తెమలనంత డేటా.) బోరు వేసేవాణ్ణి అడుగుకి ఎంత తీసుకుంటావని అడిగినట్టే ఉంటుంది. అడిగేది డెయిరీల వాళ్ళు, రైస్ మిల్లుల వాళ్ళు, నాలుగైదు బ్రాంచీలున్న ఆసుపత్రుల వాళ్ళు, చిట్ కంపెనీల వాళ్ళు. హైదరాబాద్‌లో ఏదో సెమినార్‌కి వెళ్ళొచ్చుంటారు, లేకపోతే అమెరికాలో ఉన్న అబ్బాయి సంక్రాంతికి వచ్చి "ఇంకా ఎక్సెల్ ఏంటి నాన్నా" అనేసి వెళ్ళుంటాడు.

నేను తిరిగి ఒకటే అడుగుతాను. ఇదంతా పెట్టాక రేపొద్దున మీ సంస్థలో ఎవరు, ఏ పనిని, ఇవాళ చేసినట్టు కాకుండా వేరేలా చేస్తారు? చాలాసార్లు అవతల కాసేపు మాట ఉండదు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కునే ఓపిక ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. లేనివాళ్ళు కూడా చదవండి, కనీసం సర్వర్ ఖర్చు మిగులుతుంది.

ఉదాహరణకి పాల డెయిరీనే పట్టుకుంటాను, ఎందుకంటే నేను ఎక్కువ తిరిగింది వాటి చుట్టూనే. మీది మిల్లైనా ఆసుపత్రైనా పేర్లు మార్చుకుని చదువుకోండి, తొంభై పాళ్ళు సరిపోతుంది.

ముందు మీది ఎంత డేటానో కాగితం మీద లెక్కేయండి

ఒక మధ్యరకం డెయిరీ, 200 పాల కేంద్రాలు అనుకుందాం. కేంద్రానికి 60 మంది పాలు పోస్తారు, రెండు పూటలు. అంటే రోజుకి 24 వేల వరుసలు, సంవత్సరానికి 87 లక్షల 60 వేలు. వినడానికి చాలా పెద్దగా ఉంది కదా. ఒక్కో వరుసలో రైతు కోడ్, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలల్లో వెన్న కాక ఉండే మిగతా ఘనపదార్థం), రేటు, డబ్బు, ఇంతే ఉంటాయి, వరుసకి వంద బైట్లు వేసుకున్నా సంవత్సరం మొత్తం ఒక జీబీ కూడా నిండదు. మీ జేబులో పెన్‌డ్రైవ్‌లో పదేళ్ళ పాలు పడతాయి. ఇది బిగ్ డేటా కాదు, ఎవరు ఏం చెప్పినా కాదు.

కానీ ఎక్సెల్‌కి మాత్రం ఎక్కువే. ఎక్సెల్ ఒక షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి, పై లెక్కన నలభై నాలుగో రోజుకి నిండిపోతుంది. పాత ఫార్మాట్‌లో సేవ్ చేసే కంప్యూటర్ ఉంటే అందులో 65,536 మాత్రమే, మిగిలినవి తెగిపోతాయి. మన దగ్గరే ఇలా జరుగుతుందనుకోవద్దు. 2020లో ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఈ పాత ఫార్మాట్ వల్లే దాదాపు 16 వేల కోవిడ్ కేసుల్ని కొన్ని రోజులపాటు లెక్కలో వేయకుండా వదిలేసింది. కాబట్టి ఎక్సెల్ దాటడం అవసరం. దాటి ఎక్కడికి వెళ్ళాలి అంటే పోస్ట్‌గ్రెస్ లాంటి మామూలు డేటాబేస్‌కి, అంటే లెక్కలు వరుసలుగా దాచి, అడిగినప్పుడు వెతికిచ్చే సాఫ్ట్‌వేర్‌కి. ఉచితం, ఒక మంచి కంప్యూటర్ మీద నడుస్తుంది, పైన చెప్పిన డెయిరీకి పదేళ్ళు సరిపోతుంది.

మరి హడూప్, స్పార్క్ అని బిగ్ డేటా సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్తున్నారే? హడూప్ పుట్టింది ఇంటర్నెట్ మొత్తాన్ని వెతికి పెట్టుకునే పని కోసం, వందలూ వేల కంప్యూటర్లకి పంచితే తప్ప తెమలని పని అది. ఆ పేరు కూడా తయారు చేసినాయన కొడుకు ఆడుకునే ఏనుగు బొమ్మది. బొమ్మ అయితే పర్లేదు, నిజం ఏనుగుని కొనడం ఒక ఎత్తు, మేపడం ఇంకో ఎత్తు. జిల్లా కేంద్రంలో దాన్ని మేపగల మావటి దొరకడు, దొరికినా ఆర్నెల్లలో బెంగళూరు వెళ్ళిపోతాడు.

నిజంగా పెద్దది అయ్యేది ఎప్పుడంటే మనుషులు రాయడం మానేసి మెషిన్లు రాయడం మొదలుపెట్టినప్పుడు. 300 పాల వ్యాన్లకి జీపీఎస్ పెట్టి పది సెకన్లకోసారి ఎక్కడుందో రాయిస్తే రోజుకి 25 లక్షల 92 వేల వరుసలు, ఏడాదికి 94 కోట్ల పైన. అప్పుడు నాతో మాట్లాడండి. అప్పుడు కూడా నేను మొదట చెప్పేది, పది సెకన్లకి ఎందుకండీ, వ్యాన్ కేంద్రం దగ్గరికి వచ్చిన టైము, వెళ్ళిన టైము ఉంచుకుని మిగతావి నెల దాటాక తీసేయండి అనే.

ఒకే ఒక్క పని ఎంచుకోండి

డెయిరీ వాళ్ళని కూర్చోబెట్టి ఏం తెలిస్తే బాగుంటుందని అడిగితే గంటలో నలభై చెప్తారు. అన్నీ రాసుకోండి, రాసుకుని ఒక్కటి తప్ప అన్నీ పక్కన పెట్టండి. ఆ ఒక్కటీ ఎలా ఉండాలంటే, వారానికి ఒక్కసారైనా ఎవరో ఒకరు తీసుకునే నిర్ణయం అయి ఉండాలి, అందులో డబ్బు ఉండాలి, తప్పు జరిగినా కొంప మునగకూడదు, ఆ నిర్ణయం తీసుకునే మనిషి మీతో రోజూ మాట్లాడే మనిషై ఉండాలి. ఈ చివరిదాన్నే అందరూ మర్చిపోతారు. ఎండీ గారికి బాగుంటుందని చేసిన పని ఎండీ గారు మారేదాకే ఉంటుంది.

నేను సాధారణంగా డెయిరీలకి చెప్పేది "పాలు ఆపేసినవాళ్ళు" అనే లిస్టు. కేంద్రంలో రోజూ పోసే రైతు వరుసగా మూడు రోజులు రాలేదంటే ఆ పేరు రూటు సూపర్‌వైజర్ ఫోన్‌కి వెళ్ళాలి. అంతే. ఇందులో మెషిన్ లెర్నింగ్ లేదు, ఏఐ లేదు, డేటాబేస్ మీద పది లైన్ల ప్రశ్న ఉందంతే. ఇంత చిన్నదా అని పెదవి విరిచినవాళ్ళున్నారు. విరవనివ్వండి.

ఎందుకంటే ఈ చిన్నదాంట్లోనే అసలు సంగతి బయటపడుతుంది. మూడు రోజులు పాలు రాలేదంటే కారణాలేంటి? గేదె ఒట్టిపోయి ఉండొచ్చు. అమ్మేసి ఉండొచ్చు. ఇంట్లో పెళ్ళి ఉండి పాలు ఇంటికే వాడుకుని ఉండొచ్చు. లేదా రోడ్డు అవతల కొత్తగా వచ్చిన ప్రైవేటు డెయిరీ వాడు లీటరుకి రెండు రూపాయలు ఎక్కువ ఇస్తున్నాడని అటు పోస్తూ ఉండొచ్చు. కంప్యూటర్‌కి ఈ నాలుగూ ఒకటే, సున్నా లీటర్లు. సూపర్‌వైజర్‌కి మాత్రం వీధిలోకి అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. కాబట్టి లిస్టు పంపడంతో ఆగకుండా, కారణం ఏంటో ఒక్క నొక్కుతో వెనక్కి చెప్పే ఏర్పాటు పెట్టండి. ఒట్టిపోయింది, అమ్మేశారు, అటు వెళ్ళారు, ఇతరం. ఒక సంవత్సరం ఇది జాగ్రత్తగా నడిస్తే, ఏ ఊళ్ళో గేదెలు ఎప్పుడు ఈనుతాయో, ఎప్పుడు ఒట్టిపోతాయో మీ దగ్గరున్నంత లెక్క ఇంకెవరి దగ్గరా ఉండదు. అప్పుడు కావాలంటే దాని మీద ఏఐ పెట్టుకోండి, దానికి తినడానికి తిండి ఉంటుంది.

తెల్లవారుజామున ఐదున్నరకి కేంద్రానికి వెళ్ళండి

ఇది తప్పించుకోవద్దు. నేను తప్పించుకుని పడ్డ పాట్లు చెప్తా.

కొన్నేళ్ళ క్రితం ఒక డెయిరీకి పని చేశాను. పేరెందుకు. ఆరు నెలల డేటా పంపారు, దాన్ని ఆఫీసులో కూర్చుని శుభ్రం చేసి, రంగు రంగుల గ్రాఫులు గీసి, మీటింగ్‌లో చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. ఒక రూటులో ఫ్యాట్ ఎంత నిలకడగా ఉందో చూడండి, మిగతా రూట్లకి ఇదే ఆదర్శం అని కూడా అన్నాను, నా నోటితో నేనే. మీటింగ్‌లో వెనక కూర్చున్న ఒక సూపర్‌వైజర్ గారు చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నన్ను పట్టుకుంది. మర్నాడు ఆయన బండి వెనక కూర్చుని ఆ రూటుకి వెళ్ళాను.

కేంద్రంలో పొద్దున కరెంటు లేదు. ఇన్వర్టర్ బ్యాటరీ పోయి చాలా నెలలైందట. పాలు టెస్ట్ చేసే మెషిన్ ఆగిపోతే క్యూలో ఉన్నవాళ్ళు ఊరుకోరు, పొలం పనులున్నాయి, పిల్లల్ని బడికి పంపాలి. వ్యాను ఆరున్నరకి వస్తుంది. టెస్టర్ ఏం చేస్తాడు? నిన్నటి నోట్‌బుక్ చూసి ఇవాళ్టి ఫ్యాట్ వేసేస్తున్నాడు. రైతులకీ తేడా రావడం లేదు కాబట్టి గొడవ లేదు. సాయంత్రం వాళ్ళమ్మాయి ఆ నోట్‌బుక్ చూసి ఫోన్‌లో టైపు చేస్తుంది. నేను "నిలకడ" అని మెచ్చుకున్నది దీన్ని.

తప్పు ఆ టెస్టర్‌దని నేను ఇప్పటికీ అనుకోను. అతనికి ఆ టైపు చేసే పని వల్ల ఒరిగిందేమీ లేదు. పదిహేను రోజులకోసారి బిల్లులు మాత్రం మళ్ళీ చేత్తోనే వేసుకోవాలి, రెండు రాత్రులు నిద్ర లేకుండా. అంటే ఆఫీసు కోసం ఒకసారి, తన కోసం ఒకసారి, ఒకే లెక్క రెండుసార్లు. ఇలాంటి చోట డేటా బాగుండాలని కోరుకోవడం మన అత్యాశ.

మేం చేసింది చెప్తాను, ఇదే ఈ మొత్తంలో మీరు తీసుకోవాల్సిన ముక్క. మొదట బ్యాటరీ మార్పించాం. నవ్వొద్దు, ఆ ప్రాజెక్టులో పెట్టిన డబ్బులో బాగా పనిచేసిన డబ్బు అదే. రెండోది, ఎంట్రీ చేస్తే పదిహేనో రోజు బిల్లు దానంతటదే తయారయ్యేట్టు చేశాం, టెస్టర్‌కి రెండు రాత్రుల నిద్ర మిగిలింది. మూడోది, పాలు పోసిన వెంటనే రైతు ఫోన్‌కి లీటర్లు, ఫ్యాట్, డబ్బు తెలుగులో మెసేజ్ వెళ్ళేట్టు పెట్టాం. ఫ్యాట్ తగ్గి డబ్బు తగ్గితే ఆ ఇంటావిడ పాల క్యాను పట్టుకునే వచ్చి అడుగుతుంది, ఏం బాబూ నిన్న ఆరున్నర ఉంది, ఇవాళ ఐదెలా అయింది అని. అంతకు మించిన ఆడిటింగ్ నేను ఎక్కడా చూడలేదు. నాలుగోది, ఫారంలో ఉన్న గడులు సగానికి పైగా తీసేశాం. దూడల సంఖ్య, దాణా బ్రాండు, ఇవన్నీ ఎవరో ఎప్పుడో కావాలన్నారని పెట్టినవి, ఎవరూ చూడనివి.

స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఇవేవీ కుదరవనుకునేవాళ్ళకి ఒక సంగతి. 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ), మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకి విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పాయి. వెనక ముప్పై ఏళ్ళ వాతావరణ లెక్కలు, పెద్ద క్లౌడ్ (ఇంటర్నెట్ మీద అద్దెకి దొరికే కంప్యూటర్లు), అన్నీ ఉన్నాయి. రైతుకి చేరింది మాత్రం తెలుగులో ఒక ఎస్సెమ్మెస్. ఆ సలహా పాటించిన పొలాల్లో దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ చెప్పింది. యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, పాస్‌వర్డ్ పెట్టుకోండి, ఓటీపీ చెప్పండి అని ఉంటే ఎంతమంది దగ్గర ఆగిపోయేదో ఊహించుకోవచ్చు.

ఎవరు ఎవరో తేల్చుకోవడం

మన సంస్థల డేటాలో నాకు సగం టైము తినేది ఇది. పెద్దదా చిన్నదా అన్నది కాదు, ఈ లిస్టులో ఉన్న లక్ష్మి, ఆ లిస్టులో ఉన్న లక్ష్మి ఒక్కరేనా అన్నది.

లక్ష్మి అని ఇంగ్లీషులో ఒకరు ఎక్స్ వేసి రాస్తారు, ఇంకొకరు కె ఎస్ హెచ్ వేస్తారు. పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరానికి కుదించి వెనక వేస్తారు, ఓటరు కార్డులో అసలు ఉండదు. ఇంట్లో పిలిచే పేరు వేరు. ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, వెంకటేశ్వర్లులు నలుగురు ఉంటారు, తాతపేరు పెట్టుకున్న మనవలు ఉంటారు. ఫోన్ నంబరుతో గుర్తుపడదామా అంటే, ఇంట్లో ముగ్గురికీ ఒకే నంబరు రాయిస్తారు, రీఛార్జ్ చేయక వదిలేసిన నంబరు కొన్నాళ్ళకి కంపెనీ ఇంకెవరికో ఇస్తుంది. పుట్టిన తేదీ అంటారా, పెద్దవాళ్ళలో ఎంతోమందికి జనవరి 1 అనే ఉంటుంది, తేదీ తెలియకపోతే ఆఫీసులో అదే వేశారు కాబట్టి.

అందుకని మీ సొంత నంబరు మీరే ఇవ్వండి. కేంద్రం కోడ్, దాని పక్కన రైతు వరుస నంబరు. ఆ నంబరు ఎప్పుడూ మారకూడదు, చనిపోయినవాళ్ళ నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు, కొడుకు పేరు మీదకి మారితే కొత్త నంబరే. ఆధార్ నంబరునే కోడ్‌గా వాడేసుకుందామని తప్పకుండా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. పన్నెండు అంకెల్లో ఒకటి తప్పు పడితే కంటితో చూసి ఎవరూ పట్టుకోలేరు, పైగా దాన్ని ప్రతి షీట్‌లోనూ తిప్పడం మొదలుపెడితే భద్రత మీ చేతుల్లో ఉండదు.

రెండు లిస్టులు కలిపేటప్పుడు పేర్ల పోలిక చూసి ఒక్కరేనని చెప్పే ప్రోగ్రాములు ఉన్నాయి, వాడుకోండి, బాగానే పనిచేస్తాయి. కానీ అవి "ఒక్కరే అయ్యుండొచ్చు" అని చెప్పాలి, ఖాయం చేసేది మనిషి. ముఖ్యంగా ఆ నిర్ణయంతో ఎవరిదైనా డబ్బో సదుపాయమో ఆగిపోతుందంటే. తెలంగాణలో రేషన్ కార్డులు పెద్ద సంఖ్యలో, ముందుగా నోటీసు ఇవ్వకుండా, కంప్యూటర్ లెక్కల ఆధారంగా తీసేశారని కేసు వెళ్తే, రద్దైన సుమారు 19 లక్షల కార్డుల్ని మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వమే అలా వెనక్కి తిరిగి చూసుకోవాల్సి వచ్చినప్పుడు, మీ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు డిలీట్ నొక్కే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఇక కొలతలు. తెలంగాణలో ఎకరం అంటే 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. ఫారంలో 2.20 అని రాస్తే హైదరాబాద్ వైపు అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు, గుంటూరు వైపు రెండెకరాల ఇరవై సెంట్లు. రెండు రాష్ట్రాల్లో పనిచేసే విత్తన కంపెనీ డేటాలో ఈ రెండూ ఒకే గడిలో కూర్చుని ఉండటం నా కళ్ళతో చూశాను. ధాన్యం బస్తా అంటే కోస్తాలో 75 కేజీలు, తెలంగాణ కొనుగోలు కేంద్రంలో 40. నెల్లూరు వాళ్ళు పుట్టి అంటారు, 850 కేజీలు. గడి పక్కన కొలత రాయడం కాదు, కొలత కోసం ఇంకో గడి పెట్టండి.

జిల్లాలు ఇంకో తలనొప్పి. తెలంగాణలో 2016 దసరా రోజున పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26. పాత ఏడాది కృష్ణా జిల్లాని కొత్త ఏడాది కృష్ణా జిల్లాతో పోల్చి "అమ్మకాలు పడిపోయాయి" అని కంగారుపడి, టెన్షన్ పెట్టి, సేల్స్ మేనేజర్‌కి చీవాట్లు పెట్టిన ఆఫీసు నాకు తెలుసు. పాపం, ఆయన తప్పు కాదు, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా పేరు మీద ఆధారపడకుండా ఊరికీ మండలానికీ కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఇచ్చిన ఎల్‌జీడీ కోడ్ వాడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, ఎప్పుడు ఏ జిల్లాలో ఉందో పక్కన ఒక పట్టిక పెట్టుకోవచ్చు.

మీ దగ్గర పాత తెలుగు ఫైళ్ళుంటే వాటిని తెరిచి చూడండి. అను ఫాంట్స్‌లో టైపు చేసినవైతే కంప్యూటర్‌కి అది తెలుగు అని తెలీదు, ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే పద్ధతిలోకి, మార్చే సాధనాలు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, సున్నాలు ఎవరైనా కూర్చుని సరిచూడాల్సిందే. ఈ పని ఎస్టిమేట్‌లో ఎవరూ వేయరు, అందుకే చెప్తున్నా.

పంచాంగం కూడా డేటానే

విదేశీ సాఫ్ట్‌వేర్ కొంటే అందులో పోయిన ఏడాది ఇదే తేదీతో పోల్చే బటన్ ఉంటుంది. సంక్రాంతికి అది పనిచేస్తుంది, ఎందుకంటే అది సూర్యుణ్ణి బట్టి వస్తుంది, తేదీ పెద్దగా కదలదు. ఉగాది, వినాయక చవితి, దసరా, శ్రావణ శుక్రవారాలు ఏటా కదులుతాయి. పెరుగు అమ్మకాలు చూడండి, అవి నడిచేది పెళ్ళి ముహూర్తాల మీద. 2023లో అధిక శ్రావణం వచ్చింది, జులై 18 నుంచి ఆగస్టు 16 వరకు పెళ్ళిళ్ళు లేవు, నిజ శ్రావణం మొదలయ్యాకే హడావుడి. అంతకుముందు ఏడాది ఆగస్టు మొదటి వారంతో 2023 ఆగస్టు మొదటి వారాన్ని పోల్చి చూస్తే అమ్మకాలు పడిపోయాయనే అనిపిస్తుంది, కారణం క్యాలెండర్.

చేయాల్సింది తేలికే. తేదీల పట్టిక ఒకటి చేసుకుని, ప్రతి తేదీ పక్కన తెలుగు నెల, తిథి, పండగ, ముహూర్తం ఉందా, మూఢమా అని రాసుకోండి. ఆఫీసులో పెద్ద వయసు అకౌంటెంట్ గారెవరైనా ఉంటే మధ్యాహ్నం రెండు గంటల్లో సంవత్సరానిది పూర్తి చేసేస్తారు. అమ్మకాల అంచనా మీ మోడల్ (అంచనా వేసే ప్రోగ్రాం) ఎంత బాగా చెప్తుందో ఈ పట్టికతో ఒకసారి, లేకుండా ఒకసారి వేసి చూడండి.

మనుషులు, డబ్బు, కాగితాలు

డేటా సైంటిస్ట్ కావాలని ప్రకటన ఇవ్వకండి. మీ అకౌంట్స్ సెక్షన్‌లో ఎక్సెల్‌తో మాయలు చేసే ఒక అమ్మాయో అబ్బాయో ఉంటారు, అందరూ ఫైలు పట్టుకుని వాళ్ళ దగ్గరికే వెళ్తుంటారు. వాళ్ళకి మూడు నెలలు రోజుకో గంట వదిలిపెట్టి ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష, నేర్పించండి, జీతం పెంచండి. బయటి నుంచి వచ్చినవాడికి ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే ఏంటో చెప్పడానికి పట్టే టైముతో పోలిస్తే ఇది తక్కువ.

మెషిన్ కంపెనీతో, సాఫ్ట్‌వేర్ కంపెనీతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఒక వాక్యం చేర్పించండి: మా డేటా మొత్తం, మేం అడిగినప్పుడు, అదనపు డబ్బు లేకుండా, సీఎస్‌వీ ఫైలుగా (ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునే సాదా పట్టిక) ఇవ్వాలి. ఈ వాక్యానికి ఒప్పుకోని కంపెనీ దగ్గర కొనకండి. రేపు వాళ్ళని మార్చాలనుకున్నప్పుడు మీ మూడేళ్ళ పాల లెక్క వాళ్ళ దగ్గర తాకట్టులో ఉంటుంది.

క్లౌడ్ వాడితే మొదటి రోజే ఖర్చు పరిమితి అలర్ట్ పెట్టుకోండి. ఒక పెద్ద మెషిన్ ప్రయోగం కోసం ఆన్ చేసి, ఆఫ్ చేయడం మర్చిపోయి సంక్రాంతికి ఊరెళ్ళిన ఘనుణ్ణి నేనే. కనుమ రోజు గారెలు తింటుండగా మెయిల్ వచ్చింది. ఇంతకంటే వివరాలు అడక్కండి.

చట్టం సంగతి కూడా. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువు ఉంది. డేటా కాపాడటంలో నిర్లక్ష్యానికి జరిమానా 250 కోట్ల వరకు వెళ్ళొచ్చు. మీరు ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు ఇంగ్లీషులోనే కాదు, మనిషి కోరితే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలో చదువుకునే వీలుండాలి, అంటే తెలుగులో రాయించి ఉంచుకోండి, లాయరు తెలుగులో కాదు, మామూలు తెలుగులో. ఇవన్నీ చేసేలోపు ఇవాళే చేయగలిగింది ఒకటుంది: రైతుల బ్యాంకు ఖాతాలు, ఆధార్ నంబర్లతో ఉన్న ఎక్సెల్ షీట్లు స్టాఫ్ వాట్సాప్ గ్రూప్‌లో తిరుగుతుంటాయి చూడండి, అవి ఆపించండి.

గోడ మీద టీవీ వద్దు

డ్యాష్‌బోర్డు అంటే అందరికీ మోజు. ఎండీ గదిలో పెద్ద టీవీ, అందులో తిరిగే గ్రాఫులు. మొదటి వారం అందరూ చూస్తారు, రెండో వారం వచ్చినవాళ్ళకి చూపిస్తారు, నెల తిరిగేసరికి అందులో క్రికెట్ వస్తుంది. దాని బదులు సోమవారం పొద్దున ఒకే ఒక్క కాగితం, ఒకే వైపు అచ్చు వేసి, రూటుకొకటి, సూపర్‌వైజర్ చేతిలో పెట్టండి. పైన ఐదు పేర్లు: ఈ వారం వెళ్ళి కలవాల్సినవాళ్ళు. కింద పోయిన వారం చెప్పిన ఐదుగురి సంగతి ఏమైందో. వెనకవైపు ఖాళీగా వదలండి, రాసుకుంటారు. ఆ రాసుకున్న కాగితాలు వారం చివర వెనక్కి తీసుకుని చదవండి, మీకు కావాల్సిన తర్వాతి ప్రాజెక్టు అందులోనే ఉంటుంది. నాకు ఒకసారి ఒక కాగితం వెనక "వ్యాను ఆలస్యం, పాలు విరుగుతున్నాయి, అందుకే మానేశారు" అని మూడు వారాలు వరుసగా కనిపించింది. జీపీఎస్ అక్కడే మొదలైంది, అదీ ఆ ఒక్క రూటులోనే.

పనిచేస్తోందా లేదా అని చూడటానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. నాలుగైదు నెలలయ్యాక, ఎవరికీ చెప్పకుండా, ఒక సోమవారం ఆ కాగితం పంపకండి. మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా ఎవరూ ఫోన్ చేయలేదంటే దాన్ని ఆపేసి, నలభై పనుల లిస్టు మళ్ళీ తీసి, ఇంకొకటి ఎంచుకోండి. మా దగ్గర ఆ పరీక్ష పెట్టినప్పుడు తొమ్మిదింపావుకి ఫోన్ వచ్చింది. ఆ మీటింగ్‌లో నవ్విన సూపర్‌వైజర్ గారే. "ఏంటండీ, మీ కంప్యూటర్‌కి కూడా కరెంటు పోయిందా?"